దొరకని చుక్కలు

ఇస్మేనియా కిలోద్రాన్ లా సెరెనా వేధశాలలో పదకొండేళ్లుగా చుక్కలు లెక్కపెడుతోంది. ఈసారి పని పాలపుంత నడిబొడ్డున, దుమ్ము వెనక దాగిన ఒక తారాగుచ్ఛం మీద. మామూలు కెమెరాకి అక్కడ చీకటే. దుమ్ములోంచి చూడగల పరారుణ కెమెరాకి మాత్రం తిరనాళ్ల జనం. అందులో నాలుగువేల చుక్కలున్నాయని బృందం పెద్ద ఎవరిస్టో ఓసాండోన్ పరిశోధన పత్రం రాశాడు. రెండో పేరు ఇస్మేనియాది.

"నా పేరు తీసెయ్యండి డాక్టర్," అందామె, మధ్యాహ్నం సమావేశంలో అందరి ముందూ.

రొట్టెకి అవకాడో పూస్తున్న ఓసాండోన్ చెయ్యి ఆగింది. "ఏమ్మా, ఎండదెబ్బ తగిలిందా?"

"మధ్యలో ఇరుకెక్కువ. పెద్ద చుక్కల వెలుగులో చిన్నవి కలిసిపోయాయి. చుక్కలు ఏరే మన కంప్యూటర్ ప్రోగ్రాముకి దొరకనివన్నీ లేవనేస్తే ఎలా?"

"కనబడనివాటిని లెక్కపెట్టడానికి నువ్వేమన్నా సోదెమ్మవా?"

గదంతా నవ్వింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి, కానీ కూర్చోలేదు.

"సోదె అక్కర్లేదు. కెమెరా తీసిన ఈ బొమ్మలో మీ చేత్తోనే వెయ్యి దొంగ చుక్కలు నాటండి, సగం మధ్యలో, సగం అంచుల్లో. ఒకేసారి గుప్పిస్తే అవే గుంపవుతాయి, విడతలుగా వెయ్యండి. ఎక్కడ నాటారో నాకు చెప్పొద్దు. మీ ప్రోగ్రామే వెతుకుతుంది."

పంతానికి పోయి ఆయనే నాటాడు. సాయంత్రం టీ వేళకి ఫలితం తేలింది. అంచుల్లోని అయిదువందల్లో నాలుగువందల ఎనభై దొరికాయి. మధ్యలో దొరికినవి నూటతొంభై.

ఎవరూ నవ్వలేదు.

"శుక్రవారం పత్రికకి పంపాలి దీన్ని," అన్నాడు ఓసాండోన్ గొంతు తగ్గించి. "డిసెంబరుతో నీ ఉద్యోగం గడువు అయిపోతుంది. గుర్తుందా?"

"గుర్తుంది. అబద్ధానికి సంతకం పెట్టి నిలబెట్టుకోవాల్సిన ఉద్యోగమైతే ఇవాళే అయిపోనివ్వండి."

పత్రం ఆమె పేరు లేకుండానే వెళ్లింది. జనవరిలో ఆమె పక్క ఊరు కోకింబోకి మారి, బడిలో లెక్కలు చెప్పుకుంటూ, అందరికీ అందుబాటులో ఉన్న అవే బొమ్మలతో తన లెక్క తాను కట్టింది. తానూ దొంగ చుక్కలు నాటి, వాటిలో ఎన్ని తప్పిపోయాయో చూసి, ఆ నిష్పత్తిలో అసలు చుక్కల లెక్క సరిదిద్దితే ఏడువేలు దాటింది. పరీక్ష ఎలా చేసిందో ప్రతి మెట్టూ రాసి, తన ఒక్కదాని పేరుతో పత్రికకి పంపింది.

ఏప్రిల్లో ఓసాండోన్ ఫోన్ చేశాడు. "పత్రిక వాళ్లు నాది తిప్పి పంపారు. ఎన్ని తప్పిపోయాయో చెప్పమంటున్నారు. నీ పేరు మళ్లీ వేస్తాను. మొదటి పేరే వేస్తాను, రా."

"నాది గతవారమే ఒప్పుకున్నారు డాక్టర్," అంది ఇస్మేనియా. "అందులో అంతా ఉంది. చదివి, అది ఎవరి పనో చెప్పి వాడుకోండి."

బడి గంట మోగేసరికి ఆమె ఫోన్ పెట్టేసి, సుద్దముక్క తీసుకుని తరగతికి వెళ్లింది.