మేనేజరుకి పడే దెబ్బలు

మా ఆయన సిటీ బస్సు నడుపుతాడు. రోజంతా ఊరు అతని మీద అరుస్తుంది, సాయంత్రం అతనొచ్చి మా మీద అరుస్తాడు. అరుపులతో ఆగితే ఈ కథ చెప్పే పనే లేదు. ముందు గోడ మీద అద్దం పగిలింది. తర్వాత కుర్చీ కాలు విరిగింది. ఆ తర్వాత నా పన్ను కదిలింది. "చెయ్యి జారిందే" అనేవాడు ప్రతిసారీ. జారే చెయ్యి ప్రతిసారీ నా దవడ మీదికే ఎలా జారుతుందో ఆ దేవుడికే తెలియాలి.

నాదీ సుఖమైన ఉద్యోగమేం కాదు. ఆసుపత్రి లాండ్రీలో రక్తం మరకల దుప్పట్లు ఉతికి, ఆవిరి ఇస్త్రీ కింద చేతులు కాల్చుకుంటాను. నాకూ ఒళ్ళు మండుతుంది. నేను గిన్నెలు గట్టిగా తోముకుంటాను, అంతే.

మాకొక్కతే కూతురు, మూడో క్లాసు. ఇంట్లో మూలన ముడుచుకుని కూర్చునేది, ఉలుకూ పలుకూ ఉండేది కాదు. అందుకే వాళ్ళ నాన్న ముద్దుగా 'మూట' అనేవాడు. ముద్దుకేం, అది కూడా చేసేవాడు.

ఒకరోజు స్కూల్లో ఆటల టీచరు నన్ను పిలిచి, "మీ పాప అసలు కదలదండీ. రోజూ కాసేపు ఒళ్ళు వంచి ఆడాలి, చెమట పట్టాలి. ఇంట్లో మీరే అలవాటు చెయ్యాలి" అంది. ఆ వారమే డిపో డాక్టరు మా ఆయన బీపీ చూసి కళ్ళు తేలేశాడట. "ఒత్తిడి లోపల పెట్టుకోకు. పరిగెత్తు, లేదంటే ఓ బస్తా కట్టుకుని గుద్దు. ఏదో ఒక దారిన బయటికి పంపు" అన్నాడట.

ఒకే దెబ్బకి రెండు పిట్టలు అనుకున్నాడు మా ఆయన. డిపోలో పారేసిన సీట్ల రెక్సిన్ తెచ్చి నా చేత పొడుగాటి సంచి కుట్టించాడు. లోపల చిరిగిన స్పాంజి కూరి, అడుగున ఇసుక పోశాడు. ముందు గదిలో ఫ్యాను విప్పేసి, ఆ కొక్కేనికి గొలుసుతో వేలాడదీశాడు. గది ఇరుకు కదా, సంచికీ వెనక గోడకీ మధ్య పిల్ల పట్టేంత సందే మిగిలింది.

"ఇదిగో, వీడే మా డిపో మేనేజరు" అన్నాడు. ముగ్గురం పడీ పడీ నవ్వాం. మా ఇంట్లో ముగ్గురూ కలిసి నవ్వి ఎన్నాళ్ళయిందో.

ఆ రోజు నుంచి ఇంట్లో అదే పద్ధతి. గడప దాటగానే ముందు మేనేజరుకి మర్యాద, తర్వాతే మనుషులతో మాట. మా ఆయన చొక్కా విప్పి గుద్దేవాడు. "అడ్డం వచ్చిన ఆటోవాడికి! చిల్లర లేదని బూతులు తిట్టినోడికి! సెలవివ్వని వెధవకి!" గొలుసు కిర్రుమనేది, పై కప్పు నుంచి సున్నం రాలేది. పిడికిళ్ళ మీద తోలు లేచి సంచికి రక్తం అంటుకునేది. చూడ్డానికి భయంగానే ఉండేది. కానీ అదంతా అయ్యాక చేతులు కడుక్కుని, పిల్లిలా వచ్చి కంచం ముందు కూర్చునేవాడు. నా మీద చెయ్యి పడటం ఆగిపోయింది. నేను ఆ సంచికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

సంచి మరీ ఊగుతోందని, వెనక నిలబడి పట్టుకోమన్నాడు పిల్లని. "పట్టుకో మూటా, నీకూ బలం వస్తుంది." అది రెండు చేతులూ చాచి సంచిని వాటేసుకునేది.

పిల్ల మారిపోయింది. బడి వదిలితే చాలు, వీధి చివరి నుంచి పరుగు. మెట్లు రెండేసి ఎక్కేసి, వాళ్ళ నాన్న వచ్చేసరికి సంచి వెనక సిద్ధంగా ఉండేది. "నాన్నా, రా రా, మేనేజరు ఎదురుచూస్తున్నాడు!" పరుగు పందెంలో మొదట వచ్చిందని ఆటల టీచరు మెచ్చుకుంది. పక్కింటి పిన్ని "మీ మూటకి రెక్కలొచ్చాయే" అంది. నేను పొంగిపోయాను. దాని భుజాల మీద కమిలిన మచ్చలు చూసి, ఆడే పిల్లలకి దెబ్బలు తగలవా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ సాయంత్రం నేను వంటగదిలో ఉన్నాను. స్టాపులో బస్సు ఆపలేదని ఎవడో ప్రయాణికుడు అందరి ముందూ మా ఆయన చెంప పగలగొట్టాడట. అది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు వినిపించింది గుద్దుల చప్పుడే. ఆ రోజు అతని నోటి వెంట ఒక్క తిట్టు లేదు. దబ్, దబ్, దబ్. ప్రతి దెబ్బ వెనకా ఇంకో చప్పుడు వస్తోంది, గోడకి ఏదో తగులుతున్నట్టు.

వెళ్ళి చూశాను. సంచి వెనక్కి పోయి గోడకి ఆనుకుంది. మధ్యలో నా కూతురు. కళ్ళు గట్టిగా మూసుకుంది. పెదవి చిట్లింది, ముక్కులోంచి కారిన రక్తం గౌను మీద పడుతోంది. గుద్దు పడ్డప్పుడల్లా దాని తల గోడకి కొట్టుకుంటోంది. అయినా చేతులు వదల్లేదు.

"ఆపండి! పిల్ల! పిల్ల ఉంది వెనకాల!"

అతనికి వినపడలేదు. అతని కళ్ళల్లో మేం ఎవరం లేం. నేను పొయ్యి మీది ఇనప మూకుడు తెచ్చి అతని ఎడమ భుజం మీద బలమంతా పెట్టి కొట్టాను. ఎముక చప్పుడు విన్నాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, నాకు హాయిగా అనిపించింది. మళ్ళీ కొట్టాను. అతను కేక పెట్టి నా వైపు తిరిగాడు, ఎడమ చెయ్యి వేలాడుతున్నా కుడి పిడికిలి ఎత్తాడు.

అప్పుడు పిల్ల సంచి కిందనుంచి పాక్కుంటూ బయటికి వచ్చింది.

"నాన్నా, అటు కాదు! ఇటు, ఇటు కొట్టు!" రక్తం అంటిన అరచేత్తో సంచిని చరుస్తోంది. "నేను గట్టిగా పట్టుకుంటాను. అమ్మని వద్దు నాన్నా. చూడు, వదలను."

అతని పిడికిలి గాల్లోనే ఉండిపోయింది. "నాకు... కనపడలేదే" అన్నాడు.

"నీకెప్పుడు కనపడ్డాం? బయటికి నడు" అన్నాను. పెళ్ళయ్యాక అతన్ని నువ్వు అనడం అదే మొదలు. మూకుడు ఎత్తి పట్టుకునే తలుపు దాకా నెట్టాను. వేలాడుతున్న భుజం పట్టుకుని మెట్ల మీదికి తూలాడు. గడియ వేశాను.

పిల్ల మొహం కడిగాను. "ఎందుకే, వదిలేసి పారిపోకుండా?" అని అరిచాను. దాని మీదేమిటి నా కోపం?

"నేను లేటుగా వస్తే నాన్న మేనేజరుని సరిగ్గా కొట్టడమ్మా. సంచి ఊగిపోతే విసుగొచ్చి లోపలికొచ్చేస్తాడు. అందుకే పరిగెత్తి వస్తాను" అంది. ఏడవట్లేదు కూడా. ఏదో స్కూలు పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

నేను పందెం పరుగు అనుకున్నది అదా! తడి చేతులతోనే దాన్ని పట్టుకుని బావురుమన్నాను.

అంతలో బయటినుంచి తలుపు మీద గుద్దు పడింది. "తియ్యవే! చెప్పేది విను!" ఇంకో గుద్దు. తలుపు అదిరింది.

పిల్ల నా చేతుల్లోంచి జారిపోయింది. పరుగెత్తుకెళ్ళి రెండు అరచేతులూ తలుపుకి ఆనించి, కాళ్ళు వెనక్కి తన్నిపెట్టి, చెంప చెక్కకి నొక్కి, కళ్ళు మూసుకుంది. గుద్దు పడ్డప్పుడల్లా దాని ఒళ్ళంతా అదురుతోంది.

నేను వెనకాలే వెళ్ళి కూర్చుని, తలుపు మీంచి దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను.

"వదిలెయ్ తల్లీ," అన్నాను. "పట్టుకోవడం నీ పని కాదు."