బోర్డు మీది లింగప్ప

కుందుర్పి దగ్గర గొర్రెలు కాసుకునే లింగప్ప, అతని భార్య పెద్దక్క పింఛను పని మీద అనంతపురం వచ్చారు. పని ముగిసేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. బైపాసులో కొత్తగా పెట్టిన ఏసీ హోటల్ ముందు సిమెంటు ఎద్దులు, బండి చక్రాలు, కంబళి కప్పిన గొర్రెల కాపరి బొమ్మ కనబడ్డాయి.

"మనోళ్ల హోటల్ మాదిరే ఉండాదే," అన్నాడు లింగప్ప.

లోపల అడుగు పెట్టగానే సర్వరు ఉదయ్ కుమార్ అడ్డం వచ్చాడు. పంచె, ఎర్ర తలపాగా. హోటల్ వాళ్లు తొడిగిన రైతు వేషం అది. ఎదురుగా అసలు మనిషి అసలు కంబళితో నిలబడితే అతనికి నచ్చలేదు.

"పార్సిలైతే వెనక గేటు."

"తినేదానికే వచ్చినామప్పా."

సగం టేబుళ్లు ఖాళీగా ఉన్నా వాళ్లను చేతులు కడిగే తొట్టి పక్కన కూర్చోబెట్టాడు. ఎవరు చేతులు విదిలించినా నీళ్లు పెద్దక్క మొహం మీదే పడుతున్నాయి. కంబళి కుర్చీకి తగలనీయొద్దన్నాడు. ఆ తర్వాత బడిపిల్లలకు పాఠం చెప్పినట్టు మొదలుపెట్టాడు.

"దీన్ని రాగి సంగటి అంటారు. మన పూర్వీకుల ఆహారం. చిన్న చిన్న ముద్దలు చేసుకుని తినాలి."

నలభై ఏళ్లుగా సంగటి కెలుకుతున్న పెద్దక్క ముద్ద విరిచి వాసన చూసింది. "పిండి ఉడకలే నాయనా. తింటే కడుపు నొస్తాది."

"అందరూ ఇష్టంగానే తింటున్నారమ్మా. మీకు అలవాటు లేదేమో."

అంతలో బెంగళూరు నుంచి వచ్చిన కుటుంబమొకటి లింగప్పను చూసి ముచ్చటపడింది. అతన్ని హోటల్ వాళ్లే అలంకారానికి పెట్టుకున్నారనుకున్నారు. లేచి నిలబడమన్నారు. కంబళి కప్పుకోమన్నారు, కట్టె పట్టుకోమన్నారు. వంతులవారీగా ఫోటోలు దిగారు. మేనేజరు రాజేంద్ర అది చూసి తన ఫోనులోనూ ఒకటి తీసుకుని, దగ్గరికొచ్చాడు.

"పెద్దాయనా, ఇక్కడ కూర్చున్నారేంటి? ముందుకు రండి! ఆదివారాలు వచ్చి వాకిట్లో కూర్చుంటారా? పనేమీ ఉండదు, నవ్వితే చాలు. కంబళి మాత్రం ఉతకొద్దు."

"నేనీడ నవ్వుకుంటా కూర్చుంటే ఆడ గొర్లు మేపేదెవరప్పా? నువ్వు పోతావా?"

పెద్దక్క అప్పటికే లేచింది. తిరుగు బస్సులో లింగప్ప నోరు విప్పలేదు. తింటున్నవాణ్ని లేపి నిలబెట్టారన్న కోపం కన్నా, లెమ్మనగానే లేచానే అన్న కోపమే అతన్ని ఎక్కువ తొలిచింది.

నెల తర్వాత తమ్ముడి కొడుకు బయ్యన్న పట్నం నుంచి వచ్చి చెప్పాడు.

"పెద్దనాయనా, ఆ హోటల్ ముందర నీ ఫోటో ఏసినారు. ఇంత బోర్డు! కింద 'రండి, మా ఇంటి భోజనానికి' అని రాసినారు."

"అంటే నేనే పిలుస్తాండానా?"

"సదివితే అట్లే ఉండాది."

మరుసటి ఆదివారం పన్నెండు మంది కాపరులు కంబళ్లు, కట్టెలతో హోటల్లోకి వచ్చారు. ముందు లింగప్ప, పక్కనే పెద్దక్క. ఎవరినీ అడగకుండా నడి హాల్లో కూర్చున్నారు. రాజేంద్ర పరుగెత్తుకొచ్చాడు.

"ఇంతమందా పెద్దాయనా! ఎవరు రమ్మన్నారు?"

"నేనే. బయట బోర్డు మీద రాసినావు గదా."

హాలంతా ఇటే చూస్తోంది. నాలుగైదు ఫోన్లు పైకి లేచాయి. రాజేంద్ర సర్వర్ల వైపు తిరిగి, "ఆకులు వేయండ్రా," అన్నాడు.

ఉదయ్ కుమార్ ఆకులు పరుస్తూ పెద్దక్క దగ్గర వంగి, మేనేజరుకు వినబడకుండా తన సొంతూరు పామిడి మాటలో చెప్పాడు. "సంగటి తినొద్దవ్వా, ఈ పొద్దు గూడా పచ్చిగానే ఉండాది. అన్నం తెస్తా."

మూడింటిదాకా తిన్నారు. అడిగి అడిగి వేయించుకున్నారు. లేచేటప్పుడు బిల్లు ఎవరూ అడగలేదు. బస్సులో లింగప్ప గొంతే అందరికన్నా పెద్దగా వినబడింది.

మంగళవారం బయ్యన్న ఫోన్ చేశాడు. బోర్డు దించేశారట.

"మంచిదప్పా," అని లింగప్ప గొర్రెల వెంట నడిచాడు.