చెవి మీది బీడీ

వెంకటముని గూట్లో చెయ్యి పెట్టి తడిమి బీడీని అందుకున్నాడు. ఎర్రదారం కట్టిన బీడీ. నిన్నటిదే, మొన్నటిదే. దాన్ని కుడిచెవి మీద ఇరికించుకుని, జారకుండా పైన తలగుడ్డ చుట్టుకున్నాడు. ఈలోగా వజ్రమ్మ రెండు ఊదువత్తులు కాగితంలో చుట్టి తెచ్చి సద్దిగిన్నె మూత మీద పెట్టింది.

"అగ్గిపెట్టె?"

"ఉండాది లే."

"ఈ పొద్దుటికి నలభై ఆరు," అంది వజ్రమ్మ.

లెక్క ఆమెది, నోరు కట్టుకునే పని ఆయనది. ఇంట్లో పనులు అట్లా పంచుకున్నారు.

వెంకటమునిది బావులు తవ్వే ముఠా. తిరుత్తణి చుట్టుపక్కల ఎక్కడ రాయి అడ్డం పడినా ఈ ముఠానే పిలుస్తారు. రాతికి బొక్కలు తొలిచి, పేలుడు మందు కూరి, వత్తులు బయటికి వదిలి, మిగతా వాళ్ళంతా పైకి వచ్చేస్తారు. లోపల ఒక్కడు మిగులుతాడు. నోట్లో బీడీ వెలిగించుకుని, ఆ నిప్పుతో ఒక్కో వత్తినీ అంటించి, తాడు పట్టుకుని పైకి వచ్చేవాడు వాడే. అగ్గిపుల్ల అయితే రెండో వత్తి అందేలోపు ఆరిపోతుంది, బీడీ అయితే నాలుగు వత్తులకూ నిలుస్తుంది. అందుకని వత్తి ముట్టించేవాడి బీడీలు ఏ ముఠాలో అయినా మేస్త్రీ ఖర్చే. ముప్పై ఏళ్ళు వెంకటముని ఆ పనే చేశాడు. అంటే ముప్పై ఏళ్ళు కూలి ఇచ్చి మరీ తాగించారన్నమాట. ఇంక మానమంటే ఎట్లా మానతాడు చెప్పండి?

మానమన్నది తిరువళ్ళూరు ఆసుపత్రి డాక్టరు. ఎక్స్‌రేని కిటికీకి ఎత్తిపట్టి, గుండెల్లో రాతిపొడి పేరుకుందనీ, దాని మీద పొగ పడితే ఇంక చెప్పేదేం లేదనీ అన్నాడు. బీడీ ఒక్కటే కాదట, బీడీలు తాగేవాళ్ళనూ సారాయి తాగేవాళ్ళనూ కూడా వదిలెయ్యాలట.

"అప్పుడు నేనెవురితో వుండేది సార్?" అని అడిగాడు వెంకటముని. ఆయన నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. డాక్టరు మాత్రం తరువాతి మనిషిని పిలిచాడు.

వజ్రమ్మ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. మణవాళనగర్‌లో కూతురు ఇంద్రాణి ఇల్లుంది, పోయి అక్కడ కూర్చోమంది. వెంకటముని అంతకుముందొకసారి నాలుగు రోజులు అక్కడ కూర్చున్నవాడే. పొద్దున రైలుకు పరుగెత్తేవాళ్ళనూ, సాయంత్రం రైలు దిగి వచ్చేవాళ్ళనూ చూశాడు. నాలుగో రోజు పక్కింటి ప్రహరీ రాళ్ళను వేలితో కొట్టి వింటూ అల్లుడి కంటపడ్డాడు. మళ్ళీ ఆ ఇంటికి పోవాలంటే ఆయనకు ప్రాణం మీదికి వస్తుంది.

చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఒక మండలం, నలభై ఎనిమిది రోజులు, ఆ ముఠాలోనే తిరుగుతూ ఒక్క దమ్ము కూడా లాగకుండా ఉంటే, ఓపిక ఉన్నంతకాలం ముఠాలోనే ఉండొచ్చు. ఒక్కటి లాగాడా, నోరెత్తకుండా మణవాళనగర్ బస్సెక్కాలి. పరీక్ష రోజూ సాయంత్రం గడపలోనే. చెప్పులు విప్పకముందే వజ్రమ్మ ఎదురుగా నిలబడి "ఏదీ," అంటుంది. ఆయన నోరు తెరిచి "హా" అని ఊపిరి వదలాలి. చొక్కా కంపు కొట్టినా, జుట్టు కంపు కొట్టినా ఆమెకు పట్టదు, అది పక్కవాళ్ళ పొగ. ఆమె నమ్మేది ఊపిరిని.

ఆ పొద్దు పని పళ్ళిపట్టు దారిలో, గోవిందస్వామి నాయుడి చెరుకు తోటలో. మట్టంటే మనిషి నిలువు; ఎనిమిది మట్ల లోతున రాయి చెమర్చింది. ఇంకొక్క విడత పేలిస్తే నీళ్ళు పడతాయని ముందురోజే తేలిపోయింది. నీళ్ళు పడిన రోజు బావి ఆసామి ముఠాకు వేట కొట్టాలి, సారాయి పొయ్యాలి, బీడీలు పంచాలి. మొదటి బీడీ వత్తి ముట్టించినవాడికే. ఆసామి తన చేత్తో వెలిగించి ఇస్తాడు. దాన్ని కాదంటే బావికి కీడని నమ్మకం. నిషేధం ఎత్తేసి సారాయి అంగళ్ళు మళ్ళీ తెరిచి ఏడాదైంది గనక, గోవిందస్వామి సీసాలు కూడా ముందే తెప్పించి గోనెసంచి కింద దాచాడు. వేపచెట్టుకు కట్టిన పొట్టేలు తన సంగతేమీ తెలియక ఆకులు నములుతోంది.

పొద్దెక్కాక పని ఆపి అందరూ బీడీలు ముట్టించారు. వెంకటముని దూరంగా పోలేదు. సరిగ్గా నడుమ కూర్చున్నాడు. పక్కవాడు కట్ట చాపితే చెవిని తాకి చూపించాడు.

"ఉండాది కదప్పా."

చెవి మీద బీడీ ఉన్నవాడికి ఇంకోటి ఇవ్వడం ఆ ముఠాలో లేదు. అవసరమైతే వాడే వెలిగించుకుంటాడు. మొదటిరోజు వెంకటముని మర్చిపోయి పెట్టుకున్న బీడీ ఆయనకిట్లా తాయెత్తులా పనికొచ్చింది.

ఒక మనిషి బీడీ మానేస్తే పక్కవాళ్ళకు ఎందుకంత దురదో తెలియదు గానీ, ముఠాలో ఆ నలభై ఆరు రోజులూ ఇంకో మాట లేదు. చాటుగా తాగుతాడని సగం మంది, నస్యం పీలుస్తాడని సగం మంది. వజ్రమ్మ తమ్ముడు తణికాచలం అదే ముఠాలో ఉన్నాడు. ముప్పై ఐదేళ్ళవాడు. మంచివాడే, వేళాకోళం జాస్తి. ఒకరోజు బావ తుప్పల చాటుకు పోతే, ఈసారి దొరికాడని వెంటపడి పోయాడు. బావ నిజంగా ఒంటికే పోతున్నాడు. ఆ సంగతి తణికాచలమే అందరికీ చెప్పుకుని నవ్వాడు.

"నిజం చెప్పు బావా. యాడ తాగతా వుండావు నువ్వు?"

"తాగితే మీ అక్క వూరుకుంటాదా?"

"అక్కకి తెలిస్తే కదా!"

"తెలస్తాది రా. ఆ ముక్కు నీకు తెలీదు," అన్నాడు వెంకటముని.

మధ్యాహ్నానికి నాలుగు బొక్కలు తయారయ్యాయి. మందు కూరి వత్తులు వదిలారు. రామానుజం మేస్త్రీ ఒక్కొక్కరినీ పైకి ఎక్కించాడు. అడుగున వెంకటముని మిగిలాడు. నీళ్ళు అప్పటికే మడమలు దాటాయి. గోడల వెంబడి చుక్కలు కారుతున్నాయి. ఊదువత్తి వెలిగించి పట్టుకున్నాడు. ముఠావాళ్ళు దాన్ని బావికి పూజ అని ఎక్కిరించేవాళ్ళు గానీ, ఈ నలభై ఆరు రోజులూ వత్తులన్నీ దానితోనే అంటించాడు. మొదటి వత్తి వైపు వంగాడో లేదో, పైనుంచి ఒక నీటిచుక్క సూటిగా నిప్పు మీద పడింది. రెండో ఊదువత్తిని విప్పితే కాగితంతో సహా తడిసి ముద్దయింది. తలగుడ్డలోని అగ్గిపెట్టెలో ఆ ఒక్క పుల్లే పొడిగా ఉండింది, మిగతావి చెమటకు నానిపోయాయి.

"తణికాచలం! అగ్గిపెట్టె దింపరా!"

పైన ఏదో గుసగుస. తరువాత తట్ట దిగింది. అందులో ఒక రేకుడబ్బా, డబ్బాలో వెలిగించిన బీడీ.

"అగ్గిపెట్టె తడిసిపోయింది బావా! ఇదే వుండేది!"

పైన ఎవరో కిసుక్కున నవ్వారు. ముఠా అంతా అంచున వరసగా వంగి చూస్తోంది.

"వెంకటమునీ, నీళ్ళు పైకొస్తా వుండాయి! వత్తులు మునిగిపోతే మళ్ళా రెండు రోజుల పని!" అని మేస్త్రీ అరిచాడు.

బీడీ చివర నిప్పు సన్నగా అయిపోతోంది. బీడీ తీరే అంత. సిగరెట్టులా వదిలేస్తే కాలదు, లాగేవాడు లాగకపోతే చచ్చిపోతుంది. వెంకటముని దాన్ని పెదవుల దాకా తెచ్చాడు. పొగ ముక్కులోకి పోయింది. నోట్లో నీళ్ళూరాయి. ఒళ్ళంతా దాన్ని గుర్తుపట్టింది. ఒక్క దమ్ము, అంతే. ఎనిమిది మట్ల లోతున ఎవరు చూడొచ్చారు? పని కోసమే కదా, సరదాకు కాదు కదా! ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు గడపలో నిలబడి "ఏదీ" అనే మనిషి కళ్ళ ముందుకొచ్చింది.

బీడీని వెనక్కి తిప్పాడు. నిప్పు ముఖం వైపు పెట్టుకుని, దానిమీద నోటితో గాలి కొట్టాడు. నిప్పు ఎర్రబడింది. మొదటి వత్తి అంటుకుంది. మళ్ళీ గాలి కొట్టాడు, రెండోది. రాతిపొడి నిండిన గుండెలతో నిప్పును బతికించడం తేలిక కాదు. నాలుగో వత్తి దగ్గర కళ్ళు చీకట్లు కమ్మాయి. అయినా అంటించాడు. బీడీని నీళ్ళలో పారేసి తాడు పట్టుకున్నాడు. సగం దూరంలో ఆగిపోతే మేస్త్రీ, తణికాచలం కలిసి లాగి పైకి చేర్చారు.

"వేట్టూ! వేట్టూ!" అని పేలుడు హెచ్చరిక నాలుగు దిక్కులకూ అరిచి అందరూ పరుగెత్తారు. నాలుగు పేలాయి. నాలుగూ లెక్కపెట్టుకున్నారు. రాళ్ళు పడటం ఆగాక, లోపల్నుంచి బుడబుడమని చప్పుడు వినపడింది. గోవిందస్వామి నాయుడు అరవై ఏళ్ళ మనిషి, పంచె ఎగ్గట్టి చిన్నపిల్లవాడిలా గంతేశాడు.

"లాగినావు బావా! నిప్పు యెర్రంగా వెలగడం నా కండ్లతో చూసినా!" అన్నాడు తణికాచలం.

వెంకటముని రొప్పుతూ చెయ్యి అడ్డంగా ఊపాడు. ముఠా అంతా పగలబడి నవ్వింది. ఒకడు మణవాళనగర్‌కు బస్సు ఎన్నింటికని అడిగాడు.

కానుగచెట్టు కింద విందు సాగింది. గోవిందస్వామి ముందుగా బీడీ వెలిగించి, రెండు చేతులా వెంకటమునికి అందించాడు. వెంకటముని కూడా రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. పోయేదేముంది, చేతిలో పట్టుకోవడం తాగడం కాదు కదా. సారాయి గ్లాసులాంటి గ్లాసులోనే మజ్జిగ పోయించుకుని, తక్కినవాళ్ళ గ్లాసులకు తాకించాడు. శోళవరం వైపు తవ్విన బావి కథ ఎత్తుకున్నాడు. ఆ బావిలో నీళ్ళ కంటే ముందు పాము పైకొచ్చిందట, అందరికంటే ముందు ఆసామి పరుగెత్తాడట. నవ్వులు మొదలయ్యాయి. వేళ్ళ మధ్య బీడీ ఆరిపోయింది. పక్కవాడు చూసి మళ్ళీ వెలిగించాడు. మళ్ళీ ఆరిపోయింది.

మూడోసారి ఆరిపోయినప్పుడు తణికాచలం నమలడం ఆపి బావ చేతినే చూశాడు. ఇన్నాళ్ళూ ఎట్లా కనిపెట్టలేకపోయానా అనుకున్నాడు. పొగ మధ్య, సారాయి వాసన మధ్య, అందరికంటే గట్టిగా నవ్వుతున్న ఈ మనిషి నోటిదాకా ఆ చెయ్యి ఒక్కసారీ పోలేదు. మరి బావిలో? అడగాలనుకున్నాడు. ఇప్పుడు కాదు, బస్సులో అడగొచ్చునని ఊరుకున్నాడు.

వెంకటమునికి ఆ పూట ఎంత బాగుందో చెప్పలేం. ఇంకా రెండు రోజులు, అంతే. ఎవరినీ వదులుకోనక్కర్లేదు. కానుగ మొదలుకు చేరగిలబడి తలగుడ్డను కళ్ళమీదికి లాక్కున్నాడు.

"నేను రోంతసేపు పడుకుంటా. మాట్లాడతా వుండండి, ఆపొద్దండి," అన్నాడు.

వాళ్ళు ఆపలేదు. తరువాత ఊరిన నీళ్ళు చూడటానికి అందరూ బావి దగ్గరికి పోయారు. తిరిగి వచ్చేసరికి నీడ జరిగి ఎండ ఆయన కాళ్ళమీద పడుతోంది. బస్సు వేళైందని రామానుజం మేస్త్రీ భుజం పట్టి కదిపాడు. ఇంకోసారి కదిపాడు. తరువాత తన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకు గోవిందస్వామి ట్రాక్టరు ఇంటి ముందు ఆగింది. వజ్రమ్మ గడపలోనే ఉంది. అరుగు మీద పడుకోబెట్టారు. ఆమె పక్కన కూర్చుంది. ఆయన కుడిచెయ్యి తీసుకుని వేళ్ళు వాసన చూసింది. బీడీ కంపు. ముఖం దగ్గరికి వంగింది.

"ఏదీ," అంది.

చుట్టూ నిలబడ్డ మగవాళ్ళు తలలు వంచుకున్నారు. ఆమె కాసేపు అట్లాగే వంగి ఉండి, తలెత్తి తమ్ముణ్ణి చూసింది.

"తాగినాడా?"

"లేదక్కా." తణికాచలం ముందుకొచ్చాడు. "నేనే... సుమ్మా తమాషాకి చేసినా అక్కా. అగ్గిపెట్టె నా మొలలోనే పొడిగా వుండె. అది దింపకుండా బీడీ ముట్టించి దింపినా. లాగతాడో లేదో చూస్తామని. లాగలేదక్కా ఆయన. నిప్పు ముఖం తట్టు తిప్పినాడు, అప్పుడు నాకు అర్థం కాలే, గాలి కొట్టి వెలిగించుకున్నాడు. ఆ రొప్పు రొప్పతా వుంటే నేను నవ్వినానక్కా."

వజ్రమ్మ మొగుడి వైపు తిరిగింది. తలగుడ్డ విప్పింది. చెవి మీది బీడీ ఆమె ఒళ్ళో పడింది. తణికాచలం వంగి దాన్ని తీసుకున్నాడు. చేతికి బరువే తగలలేదు. వేళ్ళతో నొక్కితే మెత్తగా లొంగింది. చివర వెలుతురుకు పెట్టి చూశాడు. ఈ కొస నుంచి ఆ కొసకు దీపం కనపడింది. పొగాకు రవ్వ కూడా లేదు, ఎప్పుడెప్పుడో రాలిపోయింది.

"ఇది ఎన్నాళ్ళదక్కా?"

"మొదటి రోజుది."

మేస్త్రీ దాన్ని తీసుకుని చూశాడు. పక్కవాడికి ఇచ్చాడు. ముఠాలో ఒక్కొక్కరూ దీపానికి పెట్టి చూసి ఇంకొకరికి అందించారు. అందరి చేతులూ తిరిగి అది వజ్రమ్మ దగ్గరికి వచ్చింది.

"నలభై ఆరు," అంది ఆమె. అప్పుడు ఏడ్చింది.

రాత్రికి ఇంద్రాణి మణవాళనగర్ నుంచి వచ్చి, దీపంలో నూనె పోద్దామని గూట్లో చెయ్యి పెట్టింది. ఊదువత్తుల కట్ట పక్కన వేలికేదో తగిలింది. ఎర్రదారం కట్టి, రెండు వైపులా తెరుచుకుని ఉన్న చిన్న ఆకుగొట్టం.