చిన్నబోయిన మేస్త్రీ

పొద్దున్నే మేస్త్రీ భార్య ఆయన ప్యాంటు కాళ్ళు మరో బెత్తెడు మడిచి కుట్టింది. దారం పంటితో కొరికి, "మొన్ననేగా కుట్టాను! ఇంకెంత చిన్నబోతారు?" అంది. మేస్త్రీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని టీ తాగాడు. మెట్టు మీంచి కిందికి దూకి షెడ్డుకు వెళ్ళిపోయాడు.

ఆ వీధిలో సిగ్గుపడ్డవాళ్ళు చిన్నబోవడం మామూలే. పరీక్ష తప్పిన పిల్లలు తలుపు గొళ్ళెం అందక నాలుగు రోజులు అవస్థపడతారు. తర్వాత మళ్ళీ ఎదుగుతారు. మేస్త్రీ మాత్రం ఎదగడం లేదు, రోజురోజుకీ తగ్గుతున్నాడు. ఇప్పుడు కారు చక్రం పక్కన నిలబడితే జానెడే ఎక్కువ.

"బావమరిది చేసిన పనికి ఈయన కుమిలిపోతున్నాడు. పరువున్న మనిషి, పాపం!" అనుకునేవాళ్ళు జనం. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆయన ఇంకో అంగుళం తగ్గేవాడు.

అసలు జరిగింది వేరు. ఆ ఊళ్ళో ఒక టాక్సీ డ్రైవరున్నాడు. ఎడమకాలు పడిపోయింది, క్లచ్ తొక్కలేడు. అందుకే క్లచ్ అక్కర్లేని పాత ఆటోమేటిక్ డీజిల్ కారు నడుపుతాడు. అందరూ ఆయన్ని కుడికాలు అనే పిలుస్తారు, ఆయనా పలుకుతాడు. ఆ కారు గేర్‌బాక్స్ పోయింది. ఇంజను గొంతు చించుకుంటుంది, బండి కదలదు. మేస్త్రీ బావమరిదికి అదే వీధిలో పాత కార్ల సామాన్ల కొట్టుంది. అతను ఊళ్ళన్నీ గాలించి సరిపోయే గేర్‌బాక్స్ పట్టుకొచ్చాడు. మేస్త్రీ బిగించాడు.

ఈ గేర్‌బాక్స్‌ల ముందు భాగంలో బోర్లించిన పెద్ద గిన్నెలాంటి కన్వర్టర్ ఉంటుంది. దాన్ని చేత్తో తిప్పుతూ, లోపలి పంపు పళ్ళలో పూర్తిగా దిగేదాకా నెట్టాలి. అది దిగితే గేర్‌బాక్స్ తనంతట తానే ఇంజనుకు ఆనుకుంటుంది. ఆనకపోతే వెనక్కి లాగి మళ్ళీ చూసుకోవాలి. అంతేగాని సందు ఉండగా బోల్టులు బిగించి లాగకూడదు. ఏళ్ళ తరబడి ఈ మాట కనపడ్డ ప్రతివాడికీ చెప్పింది మేస్త్రీయే. ఆ రోజు మాత్రం, చుట్టూ జనం చూస్తున్నారన్న హుషారులో, వేలెడు సందుండగానే బోల్టులతో లాగేశాడు. స్టార్ట్ చెయ్యగానే డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు చప్పుడైంది. పంపు ముక్కలైంది.

"ఏమైంది మేస్త్రీ?" అన్నాడు కుడికాలు.

"సరుకు మంచిది కాదు. మావాడు చచ్చిన గేర్‌బాక్స్ అంటగట్టాడు."

ఎంత మాట! ఆ కుర్రాడికి స్పానరు పట్టడం నేర్పిందే ఈయన. తప్పు చెయ్యడం వేరు. చేతులతో బతికే ప్రతివాడూ ఏదో ఒకరోజు చేస్తాడు. దాన్ని తీసుకెళ్ళి పక్కవాడి నెత్తిన రుద్దడం వేరు. దాన్ని నీచం అంటారు. ఇంకో పేరు లేదు.

"బావా, నేను విప్పి చూసే తెచ్చాను బావా!" అని బావమరిది మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? కుడికాలు బండి లేక టాక్సీ స్టాండులో కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ ఆ కథ చెప్పాడు. కొట్టుకు జనం రావడం మానేశారు. సొంత అక్క మొహం తిప్పుకుంది. చివరికి అతను కొట్టు మూసి ఊరు వదిలిపోదామని సామాన్లు మూటలు కట్టేశాడు. పోయేముందు ఇంకో గేర్‌బాక్స్ తెచ్చి షెడ్డులో దించాడు.

"ఇది నా చేత్తో నేనే బిగిస్తా. బండి నడిచిందని అందరూ చూశాక పోతా" అన్నాడు.

ఆ మధ్యాహ్నం షెడ్డు నిండా జనమే. కారు లిఫ్టు మీదుంది. గేర్‌బాక్స్‌ని జాకీతో పైకి లేపారు. పైనున్న బోల్టులు అందాలంటే ఇరుకు సందులో దూరాలి. అందులో పట్టేది మేస్త్రీ ఒక్కడే. "మేస్త్రీ గారూ, రండి" అని బావమరిది ఆయన్ని చంకల కింద చేతులేసి ఎత్తి గేర్‌బాక్స్ మీద కూర్చోబెట్టాడు. బావా అనడం మానేసి చాలా రోజులైంది.

మేస్త్రీ టార్చి వేసి చూశాడు. గేర్‌బాక్స్‌కీ ఇంజనుకీ మధ్య వేలెడు సందుంది. కింద బావమరిది, కోపంలో సందు చూసుకోకుండానే, బోల్టుకు స్పానరు తగిలించాడు.

నోరు మూసుకుంటే చాలు. ఇదీ పగులుతుంది. వాడి సరుకే చెడ్డదని తేలిపోతుంది. తన మాట నిలబడుతుంది.

ఆ ఆలోచన రాగానే చొక్కా కాలరు చెవులు దాటింది. టార్చి దుంగంత బరువెక్కింది. ఇంకాసేపు ఊరుకుంటే ఆ బోల్టు రంధ్రంలోనే జారిపడేలా ఉన్నాడు.

"ఆపరా!" అని అరిచాడు. గొంతు ఈలలా వచ్చింది. "కన్వర్టర్ దిగలేదు. లాగకు, పంపు పగులుతుంది!"

కుడికాలు నవ్వాడు. "పగులుతుందని అంత గట్టిగా ఎలా చెప్తావయ్యా?"

"పోయినసారి అలాగే పగలగొట్టాను కాబట్టి. వాడు మంచి సరుకే తెచ్చాడు. నేను బోల్టుతో లాగేశాను. లాగి, వాడి మీద తోశాను."

అన్నం తెచ్చిన భార్య గుమ్మంలో నిలబడి అంతా వింది. ఆవిడ తమ్ముడి వంక చూస్తుండగానే చేతిలో క్యారేజీ అడుగు నేలకు తగిలింది. కుడికాలు పట్టుకున్న చేతికర్ర పొడవు ఆయన భుజం దాటిపోయింది. వెనక జనంలో ఎవరివో చెప్పులు వదులై టపటపమన్నాయి.

బావమరిది గేర్‌బాక్స్‌ని వెనక్కి లాగాడు. మేస్త్రీ చిన్న చేతులు రెండూ కన్వర్టర్ మీద ఆనించి, తిప్పుతూ నెట్టాడు. టక్కున దిగింది. ఈసారి గేర్‌బాక్స్ దానంతట అదే ఇంజనుకు ఆనుకుంది. సాయంత్రానికి కారు వీధి చివరిదాకా మెత్తగా వెళ్ళి వచ్చింది. బావమరిది చేతులు తుడుచుకుని కొట్టుకు వెళ్ళిపోయాడు.

మర్నాడు అక్కా బావా వెళ్ళేసరికి కొట్టు తలుపులు తెరిచున్నాయి. మూటలు ఇంకా కట్టే ఉన్నాయి. అతను రంపం పట్టుకుని కొట్టు ముందు బల్ల కాళ్ళు కోస్తున్నాడు.

"వెళ్ళిపోతున్నావా?" అని అక్క కిందనుంచి అడిగింది.

"అందరికీ చెప్పి వెళ్దామనుకున్నానక్కా. పొద్దున్నుంచి వచ్చినవాళ్ళ గొంతులు వినపడుతున్నాయి గాని, బల్ల అవతల ఒక్క మొహమూ కనపడదు. ఎవరికి చెప్పను?"

మేస్త్రీ వెళ్ళి, కదులుతున్న బల్ల కాలిని వాటేసుకుని పట్టుకున్నాడు. రంపం ఆ కాలిలో బెత్తెడు తెగ్గోసింది.

"ఈ మాత్రం చాలా?"

"ఇంకాస్త కొయ్యరా" అన్నాడు మేస్త్రీ. "కుడికాలు ఇటే బయల్దేరాడట."