కనిపించని అతుకు

అతుకు కనిపించకపోతే, అతికిన చేతికి పుణ్యం దక్కుతుందా? పన్నెండేళ్లుగా దేవుడి ముందు చేతులు జోడించినప్పుడల్లా ఈ సందేహమే నాకు అడ్డు వస్తోంది.

అప్పట్లో మామయ్యగారి పట్టు శాలువాని ఇస్త్రీపెట్టెతో కాల్చాను. వేలెడంత చిల్లు. నా తోటికోడలు, ఈ ఇంటి చిన్నకోడలు, ఒక్క మాట అనకుండా ఆ శాలువా అంచులోంచే పోగులు లాగి, మూడు మధ్యాహ్నాలు కూర్చుని నేతలో నేతగా కలిపేసింది. సంగతేమీ తెలియని మామయ్యగారు దాన్ని కప్పుకుంటూ, "పెద్దకోడలు వస్తువుని ఎంత భద్రంగా చూస్తుందో! చిన్నది రోజంతా ఏం చేస్తుందో ఆ దేవుడికే తెలియాలి" అన్నారు. నేను ఆ మెప్పుని తీసుకుని, శాలువా ఆయన భుజాన సర్దాను. ఆ మాట ఇంట్లో పాతుకుపోయింది. మరిదీ అదే అంటాడు, మా ఆయనా అదే అంటారు.

నిన్న నేను దుప్పట్లు మడతపెడుతుంటే కూతురు పక్కన కూర్చుని పరీక్షకి చదువుకుంటోంది. నాకు చెబితే దానికి గుర్తుంటుందట.

"మనం పీల్చే గాలి వల్లే కణంలో నిప్పురవ్వల్లాంటివి పుట్టి డీఎన్ఏ అక్షరాలని పాడుచేస్తాయమ్మా. రోజూ, వేలల్లో."

"ఊపిరిచ్చిన దేవుడే కాలుస్తాడా?"

"బాగుచేసేవాళ్లనీ లోపలే పెట్టాడుగా! డీఎన్ఏ అంటే జంట పోగులు. ఒక ఎంజైము పోగు వెంట తడుముకుంటూ పోతుంది. చెడిన అక్షరం ఇంచుమించు మంచిదానిలాగే ఉంటుంది. దాన్ని బయటికి తిప్పి చూసి, కత్తిరించేస్తుంది. ఇంకోటి ఎదుటి పోగుని చూసి సరైన అక్షరం పెడుతుంది. చివరిది అతికేస్తుంది. కణం డీఎన్ఏకి నకలు తీసుకునేలోపే ఇదంతా అయిపోవాలి."

"వాటి పేర్లు ఎవరికైనా తెలుసా?"

"పరీక్ష రాసేవాళ్లకి" అని నవ్వింది.

"బాగుచేసేలోపే నకలు తీస్తే?"

"ఎదురుగా తప్పు అక్షరం వచ్చి కూర్చుంటుంది. ఇంకోసారి నకలు తీస్తే ఇక అదే అసలు." ఆవులించి పుస్తకం మూసింది. "అయినా ఈ దుప్పట్లు పిన్ని మడతపెట్టొచ్చుగా. రోజంతా ఏం చేస్తుంది?"

నా చేతిలో దుప్పటి ఆగిపోయింది. నకలు నా కూతురి నోటిదాకా వచ్చేసింది.

ఈ ఉదయం అందరూ టీకి కూర్చున్నారు. మామయ్యగారి భుజాన ఆ శాలువానే ఉంది.

"మామయ్యగారూ, దీన్ని పన్నెండేళ్ల కిందట నేను కాల్చాను. బాగుచేసింది చెల్లి. మీ మెప్పు దానిది. ఇన్నాళ్లూ నా దగ్గర ఉంచుకున్నాను."

"ఎక్కడ కాలిందమ్మా? నీకేమైనా కలొచ్చిందా?" అంటూ ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆ కొస నుంచి ఈ కొస దాకా వెతికారు. కూతురూ వెతికింది. కాల్చిన నాకే దొరకలేదు.

తోటికోడలు పొయ్యి దగ్గర నుంచి వచ్చింది. తడి చెయ్యి తుడుచుకుని, నావైపే చూస్తూ, శాలువా మీద ఒకచోట వేలు పెట్టింది.