సుడి అన్న మాట

వినండప్పా, సండూరు గని కూలీలు, బళ్లారి కాలేజీ పిల్లోళ్లు. మీకు మాదిరే మాకూ ఒక దొరుండాడు, శివరామకృష్ణయ్య, అందరికీ అయ్య. ఆయప్ప దొడ్లో గొర్రెలకు కాన్పులు చేసే ఆడోళ్లం మేము. నా పేరు సుంకలమ్మ.

బళ్లారిని మైసూరులో కలిపిన మరుసటేడు గొర్రెలు వరసబెట్టి ఈసుకపోయినాయి, నెలలు నిండకనే చచ్చిన పిల్లలు. ఈనినాక పడే మావి దొడ్డి దాటితే మంద కలిసిరాదని అయ్య కట్టడి. చేతుల్తోనే పెంటలో పాతేవాళ్లం.

నాకు జరం పట్టుకునింది, వదల్లేదు. మొగుడు పోయినదాని చెయ్యి తగిలే మంద పాడయ్యిందన్నాడు అయ్య. మావోళ్లూ నమ్మినారు. ఊరవతల గుట్టమీద గుడిసెలో నన్ను పడేసినారు.

రోగం చంపుతాదంటారు గానీ, పలికే మనిషి లేకపోవడమే చంపేది. నాతో పనిచేసిన సిద్దక్క సంగటిముద్ద బండమీద పెట్టి, మొగం తిప్పుకొని పోయేది. పిలిస్తే పలికేది గాదు. ఏడ్చినా, తిట్టినా. గాలికి తిట్టు తగుల్తాదా?

తర్వాత సిద్దక్కకూ జరమొచ్చింది, ఇంకా చానామందికి. కింద ఏం జరిగిందో గుట్టెక్కినాక తనే చెప్పింది. సర్కారు పశువుల డాక్టరొచ్చి, జరం మావిలోనే ఉండాదని, "సుడి, సుడి" అన్నాడంట. కన్నడంలో కాల్చండని. ఆయన పోయినాక అయ్య నవ్వి, "మావే మన సుడి అంట, అదృష్టమంట, బాగా పాతండి" అన్నాడంట. ఈడ కన్నడం రానోళ్లెవరప్పా? మాట తిప్పినాడని అందరికీ తెలిసిపోయింది. సిద్దక్క ఎదురు చెప్పింది.

"మావి ముట్టి జరం తెచ్చుకున్నోళ్లు గుట్టకు పోండి" అన్నాడు అయ్య.

"ముట్టనోళ్లు ఎవరుండారయ్యా?" అనిందంట సిద్దక్క.

జరమొచ్చినోళ్లు, రానోళ్లు, కాపరులు, అందరూ గుట్టెక్కినారు. సిద్దక్క నా ముందర నిలబడి ఏడ్చింది. నోరారా తిట్టి, పక్కన చోటిచ్చినా. మావి కాల్చాల, జరానికి మందిప్పించాల, సుంకలమ్మ దొడ్లోకి ముందు నడవాల, అంతవరకు దిగేది లేదని అందరూ కూడి అనుకున్నారు.

సాయంత్రం కింద ఒక గొర్రె ఈనలేక అరస్తాంది. నా చేతులు ఆగలేదు, లేచినా. సిద్దక్క కొంగు పట్టుకునింది. కూర్చున్నా. ఆ అరుపు ఆగిందాకా సిద్దక్క కొంగు వదల్లేదు.

తెల్లారి అయ్య కబురంపితే పోలీసులొచ్చినారు. జరం అంటుతాదని భయపడి పైకి రాలేదు, అందర్నీ ఎగదోసిన సుంకలమ్మను దిగమని కింద నుంచే అరిచినారు. ఒక్కదాన్నే అనుకొని దిగినా. ఎనక గులకరాళ్లు జారిన చప్పుడైతే తిరిగి చూసినా. గుట్టంతా దిగతాంది పోలీసు బండి కాడికి. దొడ్డి పక్కకు ఒక్కరూ తిరగలేదు.