దూది కుక్కిన సీసా

నేను ఒక తెల్ల ప్లాస్టిక్ సీసాను. ముప్పై బిళ్ళలు పట్టే పొట్ట నాది. హైదరాబాదు శివారులోని ఒక మందుల ఫ్యాక్టరీలో, తలకు గుడ్డ టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు నన్ను నింపి మూత బిగించారు. ఒంటికి ఒక కాగితం అంటించారు. దాని మీద హెచ్‌ఐవీ మందు పేరు, కింద ఆ మందు కోసం చేతులు కలిపిన దేశాల గుర్తులు. ఎదురుపడితే మొహాలు తిప్పుకునే దేశాలు కూడా నా నడుము మీద పక్కపక్కనే సర్దుకుని కూర్చున్నాయి. నాకు గర్వంగానే ఉండేది.

ఆ గర్వం ఉప్పాడలో వేడినీళ్ళపాలయింది. నన్ను ఇంటికి తెచ్చుకున్నావిడ పేరు నూకరత్నం. భర్త తాతబాబు గుజరాత్ తీరంలో బోట్ల మీద పని చేస్తాడు. ఇద్దరికీ ఈ జబ్బుందన్న సంగతి వాళ్ళిద్దరికీ, జిల్లా ఆసుపత్రిలో మందులిచ్చే వాళ్ళకీ తప్ప మూడో కంటికి తెలియదు. ఆమె నన్ను వేడినీళ్ళలో నానబెట్టి, కొబ్బరి పీచుతో రుద్దింది. దేశాలన్నీ ఒక్కటిగా ఊడిపోయి మురుగులో కలిశాయి. తర్వాత బిళ్ళల మీద దూది కుక్కింది. బస్సులో అవి గలగలమంటే పక్కావిడ ఏమిటని అడుగుతుంది కదా. ప్రతి నెలా కొత్త సీసాలోని బిళ్ళలు నాలో పోసుకుని, ఆ సీసాను ఆసుపత్రి చెత్తబుట్టలోనే పడేసి వచ్చేది. అలా నాకు ఆయుష్షు పెరిగింది.

ఆమెకు కడుపు పండాక నా మీద ప్రేమ ఇంకా ఎక్కువైంది. రోజూ పొద్దున అన్నం తినగానే ఒక బిళ్ళ వేసుకుని, పొట్ట తడుముకునేది. అత్త కాసులమ్మ చూసి అడిగితే, బలం బిళ్ళలని చెప్పింది. బిడ్డను కాపాడేవి బలం బిళ్ళలు కాక మరేమిటి? కానీ ఆ మాటే మా కొంప ముంచింది.

ఏడో నెలలో ఆసుపత్రికి వెళితే ముప్పైకి బదులు పదే ఇచ్చారు. డబ్బిచ్చే దేశాల మధ్య ఏదో తేడా వచ్చిందట, ఎక్కడో మీటింగులు జరుగుతున్నాయట, సరుకు ఆగిపోయిందట. మందులిచ్చే భ్రమరాంబ గొంతు తగ్గించి చెప్పింది.

"ఒక్కరోజు కూడా మానకమ్మా. నీ బిడ్డకి ఇది రాకుండా ఆపేది ఈ మందే."

ఆ పదింటినీ నేను భద్రంగా పట్టుకున్నాను. ఆ మర్నాడే కాసులమ్మ కూతురు మరిడమ్మ పురిటికి పుట్టింటికి వచ్చింది. పిల్ల పాలిపోయి ఉంది. కాసులమ్మ మంచి మనిషి. కోడలు చేపల రేవుకి వెళ్ళగానే, నాలోంచి ఒక బిళ్ళ తీసి కూతురి నోట్లో వేసేది. దూది మళ్ళీ జాగ్రత్తగా కుక్కేది. ఆవిడ చేతిని ఆపడానికి నాకు చేతుల్లేవు.

నాలుగో రోజు పొద్దున నూకరత్నం దూది తీసి, ఆ పూట బిళ్ళ వేసుకుని, నన్ను చాపమీద బోర్లించి లెక్కపెట్టింది. మిగిలినవి మూడు. కాసులమ్మ దాచలేదు.

"నేనే ఇచ్చేనే. అదీ కడుపుతో ఉన్నదే గదా. బలం పంచుకుంటే తరిగిపోద్దా ఏటి?"

నూకరత్నం నోరు తెరిచింది. చెబుతుందనుకున్నాను. చెప్పు తల్లీ, అని నా ప్లాస్టిక్ గుండె కొట్టుకుంది. ఆమె అత్త మొహం చూసింది, ఆడబిడ్డ పొట్ట చూసింది, నోరు మూసుకుంది. ఆ మూడూ కొంగున ముడేసుకుంది.

అవి అయిపోయాక ఆసుపత్రికి పరుగెత్తింది. భ్రమరాంబ ఖాళీ అలమర తెరిచి చూపించింది. చుట్టుపక్కల జిల్లాలకి ఫోన్లు చేస్తున్నాం, రేపు రా అంది. ఆ రేపు ఇప్పటికి ఆరుసార్లు వచ్చింది.

ఖాళీగా పడి ఉన్న నన్ను కాసులమ్మ కడిగి ఎండబెట్టింది. పుట్టబోయే మనవడి కోసం నాలో వసకొమ్ము దాచి, అటక మీద పెట్టింది. వస నాకిస్తే పిల్లలకు మాటలు తొందరగా వస్తాయట.

కింద నూకరత్నం పొట్ట పట్టుకుని కూర్చుని ఉంది. ఆ ఇంట్లో ముందు మాట రావలసింది బిడ్డకు కాదు.